వృద్ధసైనికుని పాడె

యుద్ధరంగమున నొరగిన యోధునకు దేశము చేయు గౌరవము నెల్లరు నెఱుంగుదురు. 2020 జూనులో గాల్వను లోయయందు నిహతులైన కర్నల్ సంతోష్‌బాబుగారి కళేబరము సూర్యాపేటకు వచ్చినప్పుడును, 2021 డిసెంబరులో కూనూరు చెంత హెలికాప్టరు ప్రమాదమున మృతులైన లాన్సునాయకు సాయితేజగారి శరీరము చిత్తూరు మండలమునకు వచ్చినప్పుడును తెలుగునా డంతయు తల వంచి నిలిచినది. అది యుచితమే. మేమీనాడు ప్రస్తావింపదలచినది మఱియొకని మరణము. పదునేడేండ్లో యిరువదేండ్లో కొలువు చేసి, పింఛనుతో నింటికి మరలి, పిమ్మట బ్యాంకు వాకిట తుపాకి పట్టుకొని కావలి కాచి, డెబ్బదియెనిమిదవ యేట మంచముపై దగ్గుచు కన్నుమూసిన సిపాయి మరణము. ఇతనికి మంత్రులు రారు. పత్రికలలో నాలుగు పంక్తులైన పడవు.

ఇట్టివాని పాడె వెంట మాజీసైనికులును, ఊరి యువకులును తమంతట తాము కూడి నడచుటయు, పూలమాల నుంచి వందనము చేసి సాగనంపుటయు నచ్చటచ్చట కానవచ్చుచున్నది. నెల్లూరి తీరమున నిది ప్రతి గ్రామమునకును పాకవలెనని మా కోరిక. మైపాడు మొదలు కావలి తాలూకా తీరమువఱకు గల పల్లెలకు సమీపమున దండుశిబిరము లేదు. సికిందరాబాదునుండియో చెన్నపట్టణమునుండియో భటులు రావలెనన్న, ఉక్కపోత కాలమున శవము వారికొఱకు వేచియుండునా? కాబట్టి యా పని యూరివారే చేయవలయును.

"పోరులో చావనివానికి పాడె వెంట వందనమేల?" యని యడుగువారు లేకపోలేదు. ఈ ప్రశ్న మన నెల్లూరికి క్రొత్తది కాదు. కాటమరాజుతోడి పోరునుండి మరలివచ్చిన ఖడ్గతిక్కనకు భార్య స్నానమునకు మఱుగు గట్టి పసుపుముద్ద నుంచెననియు, తల్లి విరిగిన పాలు వడ్డించెననియు కథ చెప్పుదురు. ఆతడు తిరిగి పోయి ప్రాణము లిచ్చిన పిమ్మటనే వీరుడైనాడు. ఆ వీరపత్నిని, వీరమాతను మేమును కొనియాడుదుము. కాని యా కథను తరతరములుగ వినివిని మన జాతికొక దురభ్యాసము కలిగినదేమో యని సందేహము. చచ్చినవానికి వీరగల్లు నిలుపుట నేర్చితిమి. బ్రదికివచ్చి ముసలివాడైనవానిని పలుకరించుట నేర్వలేదు. ఖడ్గతిక్కన యోడి వచ్చెను. మన పల్లెలలో మంచము పట్టిన సిపాయి యోడి వచ్చినవాడు కాడు. పంపినవారు చాలుననువఱకు నిలిచి, సెలవు పుచ్చుకొని వచ్చినవాడు.

ఆ ఖడ్గతిక్కనకు దాయాదియైన తిక్కనసోమయాజి యీ నెల్లూరనే భారతమును తెనిగించెను. అందు స్త్రీపర్వమున ధర్మరాజు, యుద్ధమున మడిసినవారిలో బంధువులు లేనివారికి సయితము దహనసంస్కారము చేయింపుడని విదురాదులను నియోగించును. వారు తనవారా, పగవారా యని యడుగడు. ఇక రామాయణమున జటాయువు సంగతి యింకను దగ్గరగ నున్నది. అఱువదివేల యేండ్ల వృద్ధు; దశరథుని స్నేహితుడు. రెక్కలు తెగి పడియున్న యా ముసలి పక్షికి రాముడు తానే చితి పేర్చి, నిప్పిడి, గోదావరికి పోయి తర్పణము విడిచెను. అనాథప్రేతసంస్కారము మహాపుణ్యమని మన పెద్దలు చెప్పిన మాటకు ఇంతకన్న నిదర్శన మేల?

పరదేశముల వార్తయు నొకటి చెప్పుదుము. ఇంగ్లండున ఐరిషు సముద్రతీరమందలి లిథాము పట్టణప్రాంతమున 2013లో తొంబదితొమ్మిదేండ్ల వృద్ధు డొకడు మరణించెను. రెండవ మహాయుద్ధమున బాంబరు విమానదళమునందు నేలమీది పనివాడుగ కొలువు చేసినవాడు. ఆలుబిడ్డలు లేరు. శవము వెంట వచ్చువారుండరేమో, రాగలవారు రావలసినదని వార్తాపత్రికలో చిన్న ప్రకటన వెలువడెను. నవంబరు 11వ తేదీన, వానలో, ముక్కు మొగ మెఱుగనివారు వందలకొలది వచ్చి దహనశాల వెలుపల నిలిచిరి. అతడు మహాశూరుడని వారు రాలేదు. ఒంటరిగ పోరాదని వచ్చిరి.

మన తీరవాసులకు దయ తక్కువ యని మే మనము. 1977 నవంబరు 19వ తేదీ యుప్పెనలో దివిసీమ శవములదిబ్బ యైనప్పుడు పేరెఱుగని కళేబరములను స్వచ్ఛందసేవకులు తమ చేతులతో నెత్తి దహనము చేసిరి. 2021 ఫిబ్రవరిలో శ్రీకాకుళ మండలమున పలాస చెంత, అనాథవృద్ధుని శవమును మోయుటకు ఇతరులు వెనుకాడగా, కాశీబుగ్గ సబిన్‌స్పెక్టరు శిరీషగారు తాము భుజము పట్టి పొలముగట్లపై మోసిరి. ఆపద వచ్చిన దినమున మనకు మనసున్నది. ఆపద లేని దినముననే యది నిద్రించును.

స్వచ్ఛందసేవకులకు కొన్ని మాటలు చెప్పక తప్పదు. ఉత్సాహమున జాతీయపతాకమును శవముపై కప్పవలదు. 2002 నాటి పతాకనియమావళి ప్రకారము ప్రభుత్వ, సైనిక, అర్ధసైనిక లాంఛనములతో జరుగు అంత్యక్రియలలోనే దానిని కప్పవలెను. అప్పుడును కాషాయభాగము తలవైపున నుండవలెను. చితిలో కాల్పరాదు, గోతిలోనికి దింపరాదు. లాంఛనములు లేనిచోట పూలు చాలును. పాడె పట్టవలసిన చేతులతో చరవాణులు పట్టి చిత్రములు తీయువారు వెనుక నడచుట మేలు. దింపుడుకల్లమున పాడె దించి మృతుని చెవిలో ముమ్మారు పేరు పెట్టి పిలుచు నాచారమున్నదే, ఆ క్షణమున జయజయధ్వానములు చేయక, మూకయంతయు నిశ్శబ్దముగ నిలిచిన నంతకు మించిన వందనము లేదు.

మృతుడు తెల్లదొరల కాలమున కొలువు చేసినవాడైనచో, ఏ రాజు జెండా క్రింద పోరెనను విచారము పాడె వద్ద తగదు. తెలుగు సిపాయి చరిత్రయే యట్టిది. తొలుత తెలుగుతీరపు బంట్లను వంగదేశమునకు తీసికొనిపోయినందున ఉత్తరాదివారు సిపాయినే "తిలంగా" యనిరి. అదే తెల్లదొరలు పిదప మనవారు పోరాటజాతివారు కారని తేల్చి, మొదటి మహాయుద్ధానంతరమున మదరాసు పటాలములను రద్దుచేసి, రెండవ యుద్ధము మీదపడగనే మరల పిలిచిరి. ఆజాదుహిందు ఫౌజులో చేరినవారికి స్వరాజ్యము వచ్చిన పిమ్మటను సైన్యమున చోటు దొరకలేదు. స్వాతంత్ర్యయోధుల పింఛను పథకము 1972వఱకు రానేలేదు. పిలిచినవారు వేఱు, పంపినవారు వేఱు. పోయి నిలిచినవాడు మన యూరివాడు.

ఇందు మిక్కిలి కటువైన సంగతి కులము. దండులో నొకే వంటశాల, ఒకే గుడారము. ఇంటికి వచ్చి చచ్చిన నాడు శ్మశానమునకు దారులు రెండు! నాలుగేసి కులములకు నాలుగేసి వల్లకాడులుగల గ్రామములు మన మండలమున నేటికిని లేవని యెవ్వరైన ప్రమాణము చేయగలరా? 1946లో మూలపేట వేణుగోపాలస్వామి యాలయమున హరిజనప్రవేశమునకై పొట్టి శ్రీరాములుగారు నిరశనదీక్ష వహించిన పట్టణము మనది. గుడితలుపు తెఱచినవారు కాటిదారి మూయుట యెట్లు? మాలవాడ సిపాయి మరణించినప్పుడు రెడ్ల పిల్లవాడును, కమ్మవారి పిల్లవాడును, పట్టపుపల్లె పిల్లవాడును పాడెకొమ్ము పట్టిననే యది సేవ. తమ కులమువాని పాడెనే మోసిన నది బంధుకృత్యము.

పాడె మోసిన పిమ్మట పని తీరదు. సైన్యపు దస్తరములలో భార్యపేరు ఒక యక్షరము తప్పిన, పుట్టినతేదీ పొసగకున్న, కుటుంబపింఛను నెలలతరబడి నిలిచిపోవును. చదువురాని ముసలమ్మ మరణధ్రువపత్రమునకు పంచాయతికిని, పింఛనుకై జిల్లా సైనికసంక్షేమ కార్యాలయమునకును తిరుగవలెను. పెద్దకర్మ నాటికే యా కాగితములన్నియు చేర్చి యామె చేతబెట్టు యువకులు రెండు దండలు తక్కువ తెచ్చినను మాకు సమ్మతమే. మఱియొకటి. 2022లో వచ్చిన అగ్నిపథ నిబంధనలను బట్టి నాలుగేండ్లు కొలువు చేసినవారిలో నూటికి ఇరువదియైదుగురికి మించి నిలువరు. మరలివచ్చు తక్కినవారికి పింఛను లేదు. మాజీసైనికులను పేరును లేదు. ఇక ముందు మన పల్లెలలో దస్తరము సైనికుడని యంగీకరింపని సైనికులే హెచ్చుదురు. వారి పేళ్లు వ్రాసియుంచుకొను పుస్తకము ప్రతి పంచాయతి కచ్చేరిలోను నేడే తెఱువవలసియున్నది.