పదివేల లూమెన్లు, పది నిమిషాలు

దసరా సెలవులకి ఊరెళ్తూ తాతయ్యకి ఒక టార్చిలైటు తీసుకెళ్ళాను. ఆన్‌లైన్‌లో కొన్నది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "10,000 లూమెన్లు" అని ఉంది. తాతయ్య దగ్గరున్నది ఎప్పటిదో మూడు సెల్లుల స్టీలు టార్చి, లోపల చిన్న ఫిలమెంట్ బల్బు. "ఇంక దాన్ని అటక మీద పడెయ్యి తాతయ్యా" అన్నాను గొప్పగా.

తాతయ్యకి టార్చి సరదా వస్తువు కాదు. మాది కాలవ కింద పొలం. నీళ్ళ వంతు రాత్రి వస్తే రాత్రే వెళ్ళి నీళ్ళు కట్టాలి. గట్టు మీద నడవాలి. గట్ల మీద ఏం తిరుగుతాయో పల్లెలో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

వారం తర్వాత ఫోన్ చేశాడు. "ఒరేయ్ నాన్నా, నీ లైటు పది నిమిషాలు పట్టపగల్లా ఉంటోంది. తర్వాత మిణుగురు పురుగే. ఇంకోటి, దీని వెలుగులో ఎండుటాకులూ పామూ ఒక్కలాగే ఉన్నాయిరా. నా పాతదే నయం."

నిజం చెప్తున్నాను, ముందు తాతయ్య మీదే కోపం వచ్చింది. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే ఆయన చెప్పిన రెండు మాటలూ కరెక్టే అని తేలింది.

లెక్క చాలా చిన్నది. ఆ టార్చిలో ఉండేది ఒకటే 18650 సెల్. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. మంచి కంపెనీ సెల్ అయితే సాధారణంగా 3,500 ఎంఏహెచ్ దగ్గర ఉంటుంది. 3.6 వోల్టులతో గుణిస్తే సుమారు 12.6 వాట్-అవర్లు. సెల్ నుంచి తీసుకునే ఒక్కో వాటుకి టార్చి 100 లూమెన్లు ఇస్తుందనుకుందాం, అది మంచి నంబరే. అప్పుడు 10,000 లూమెన్లకి 100 వాట్లు కావాలి. అంటే ఏడున్నర నిమిషాల్లో సెల్ ఖాళీ. పైగా సెల్ నుంచి 28 ఆంపియర్లు లాగాలి. ఎక్కువ కెపాసిటీ ఉన్న 18650 సెల్స్ చాలావరకు 10 ఆంపియర్ల దగ్గరే చాలంటాయి. ఆ 100 వాట్లలో సగానికి పైగా వేడే. ల్యాబ్‌లో మనం వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అలాంటివి రెండు అరచేతిలో పట్టుకున్నట్టు!

కాబట్టి ఆ 10,000 అబద్ధం. లోపలి సెల్ మీద 9,900 ఎంఏహెచ్ అని ఉంది, అదీ అబద్ధమే.

సరే, చవకరకం కాబట్టి మోసం అనుకుందాం. నిజాయితీగా కొలిచే కంపెనీల సంగతేంటి? ఎఫ్ఎల్1 అనే అమెరికన్ స్టాండర్డ్ ఒకటుంది. దాని ప్రకారం లూమెన్లు లైటు వేసిన 30 సెకన్ల నుంచి 2 నిమిషాల లోపు కొలుస్తారు. రన్‌టైమ్ అంటే ఆ మొదటి వెలుగు పదో వంతుకి పడిపోయే దాకా పట్టే టైమ్. అంటే డబ్బా మీద "1,000 లూమెన్లు, 3 గంటలు" అని ఉంటే రెండూ నిజమే కావచ్చు. కానీ మూడు గంటలూ 1,000 లూమెన్లు వస్తాయని ఎవరూ చెప్పలేదు. ఐదు నిమిషాలకే 300కి దిగి, మిగతా టైమంతా అక్కడే ఉండొచ్చు. మనం రెండు అంకెలూ కలిపి చదివేసుకుంటాం.

వెలుగు నిలకడగా ఉండాలా, జారిపోవాలా అన్నది చాలావరకు డ్రైవర్ చేతిలో ఉంటుంది. ఇది మన సీఎస్ఈ వాళ్ళకి తెలిసిన డ్రైవర్ కాదు, సెల్‌కీ ఎల్ఈడీకీ మధ్య ఉండే సర్క్యూట్. చవకవాటిలో ఒక్క రెసిస్టర్ ఉంటుంది, లేదా అదీ ఉండదు. సెల్ వోల్టేజీ తగ్గేకొద్దీ వెలుగూ తగ్గుతుంది. లీనియర్ డ్రైవర్ దానికంటే నయం. కానీ నిండా చార్జ్ అయిన సెల్ 4.2 వోల్టులిస్తే, ఎల్ఈడీకి 3 వోల్టులే చాలనుకుంటే, మిగతా 1.2 వోల్టుల వంతు వేడి కింద పోతుంది. అంటే ఎఫిషియెన్సీ 71 శాతం. మంచి బక్ డ్రైవర్ 90 శాతం దాటుతుంది. డబ్బా మీద డ్రైవర్ గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. ఉండాల్సింది అదే.

ఇక తాతయ్య చెప్పిన రెండో మాట. తెల్ల ఎల్ఈడీలు మామూలుగా నీలం ఎల్ఈడీ మీద పసుపు పచ్చ ఫాస్ఫర్ పూసి చేస్తారు. ఆ నీలం ఎల్ఈడీకే 2014లో ముగ్గురు సైంటిస్టులకి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. గొప్ప విషయమే, కానీ చవక తెల్ల ఎల్ఈడీ వెలుగులో ఎరుపు చాలా తక్కువ. రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే కొలత సీఆర్ఐ, 100కి. మామూలు టార్చిలు 70 దగ్గర ఉంటాయి. తాతయ్య పాత ఫిలమెంట్ బల్బు దాదాపు 100. ఇంకో చిక్కు ఏంటంటే, సీఆర్ఐ ఎనిమిది రంగుల యావరేజ్. ముదురు ఎరుపుని చూసే ఆర్9 అందులో కలవదు, సీజీపీఏలో కలపని సబ్జెక్టులాగా. రక్తపింజర ఒంటి మీద గోధుమరంగు మచ్చలు ఎండుటాకుల మధ్య కనపడాలంటే ఎరుపు కావాలి. ఆయన కళ్ళు చెప్పింది అదే.

పాత టార్చే గొప్పదని నేననను. దాని వెలుగు కొన్ని పదుల లూమెన్లే, సెల్స్ అయిపోతుంటే ఎర్రబడి నీరసపడుతుంది. సీఆర్ఐ 90 దాటిన ఎల్ఈడీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. అదే కరెంటుకి కొన్ని లూమెన్లు తగ్గుతాయి, ధర పెరుగుతుంది. తగ్గితే తగ్గనీ అంటాను. మన కంటికి వెలుగు రెట్టింపైనట్టు అనిపించాలంటే లూమెన్లు నాలుగింతల దాకా పెరగాలి. పావు వంతు తగ్గితే పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తెలియదు. రంగు తేడా మాత్రం వెంటనే తెలుస్తుంది.

"ఫోన్‌లో టార్చి ఉందిగా" అన్నాడు నా రూమ్మేట్. హాస్టల్లో కరెంట్ పోతే అది చాలు. గట్టు మీద నాలుగు అడుగుల అవతల చూపించలేదు. పైగా ఏమన్నా అయితే 108కి ఫోన్ చెయ్యడానికి ఆ చార్జే కావాలి.

ఫోన్ కొనేటప్పుడు మెగాపిక్సెల్స్ చూసి మోసపోకూడదని జూనియర్లకి క్లాసులు పీకే మనమే, ఇంట్లోవాళ్ళకి టార్చి కొనేటప్పుడు పెద్ద అంకె చూసి ఆర్డర్ పెట్టేస్తాం. ఆ లైటు పట్టుకుని చీకట్లోకి వెళ్ళేది మనం కాదు. కాబట్టి ఇచ్చే ముందు రెండు పరీక్షలు చెయ్యండి. ఫుల్ చార్జ్ పెట్టి, ఒక రాత్రి గోడ మీదికి వేసి, ఎంతసేపటికి నీరసపడుతుందో చూడండి. తర్వాత మీ అరచేతి మీద వెయ్యండి. చెయ్యి పాలిపోయి శవం చెయ్యిలా కనిపిస్తే ఆ లైటు వద్దు.

రెండోసారి నేను కొన్నది 90 సీఆర్ఐ ఉన్నది. ధర రెండింతలైంది. మధ్య మోడ్‌లో 300 లూమెన్లు. పైన వేసిన లెక్క ప్రకారం నాలుగు గంటలు రావాలి, నా గదిలో గోడ మీద వేసి చూస్తే మూడున్నర దాటింది. వంతు అయ్యేదాకా సరిపోతోందట. "ఇది ఫర్లేదురా" అన్నాడు తాతయ్య. పాతది మాత్రం ఇంకా సంచిలో వేసుకునే వెళ్తున్నాడు. వద్దని నేనూ అనలేదు.