ఇంటర్వెల్ కబుర్లు: పిల్లి కోసం బస్సు దిగిన పెద్దాయన

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పితే, హీరోల పారితోషికాలూ హీరోయిన్ల పెళ్ళిళ్ళూ అడిగిన వాటి మధ్య ఒక చెల్లాయి ఉత్తరం కనబడింది. "అన్నయ్యా, మా పిల్లికి 12 ఏళ్ళు. ఇన్నాళ్ళూ బుద్ధిగా ఇసుక ట్రేలోనే ఒంటికీ రెంటికీ వెళ్ళేది. రెండు నెలల నుంచి చాప మీదా, నాన్న చెప్పుల పక్కనా పోసేస్తోంది. కావాలనే కక్ష సాధిస్తోందని నాన్నకి కోపం. వచ్చే ఆదివారం గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేస్తానంటున్నారు. సినిమా పత్రికలో ఇలాంటివి అడగొచ్చా?" అని.

నిక్షేపంలా అడగొచ్చమ్మా. జవాబు కూడా సినిమాతోనే మొదలుపెడతాను.

1974లో పాల్ మజుర్‌స్కీ అనే హాలీవుడ్ దర్శకుడు 'హ్యారీ అండ్ టోంటో' తీశాడు. హ్యారీ డెబ్బై దాటిన ముసలాయన. టోంటో ఆయన పిల్లి. న్యూయార్క్‌లో ఆయన ఉంటున్న భవనాన్ని కూల్చేస్తుంటే, పిల్లిని చంకనేసుకుని దేశం మీద పడతాడు. దారిలో, దూరప్రయాణం బస్సులో టోంటోకి ఒంటికి పోవలసి వస్తుంది. పెద్దాయన బస్సు ఆపించి, పిల్లితో పాటు తనూ దిగిపోతాడు. బస్సు ఆయన్ని వదిలేసి వెళ్ళిపోతుంది. అయినా పిల్లిని పల్లెత్తు మాట అనడు! ఆ వేషానికి ఆర్ట్ కార్నీ 1975లో ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. పోటీలో ఎవరున్నారనుకున్నారు? 'గాడ్‌ఫాదర్' రెండో భాగంతో అల్ పచీనో, 'చైనాటౌన్'తో జాక్ నికల్సన్!

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, పిల్లికి విలన్ వేషం వెయ్యడం రాదు. ముసలి పిల్లి ట్రే మానేసిందంటే ఒంట్లో ఏదో నలతగా ఉందని అనుమానించాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నా, చక్కెర వ్యాధి వచ్చినా, థైరాయిడ్ ఎక్కువైనా పిల్లి ఎక్కువ నీళ్ళు తాగుతుంది, ఎక్కువ పోస్తుంది. ట్రే చేరేలోపే అయిపోవచ్చు. మూత్రాశయంలో మంట ఉన్నా, మలబద్ధకం ఉన్నా, ఆ నొప్పికి ట్రేయే కారణమనుకుని దాని దగ్గరికే పోదు. కొన్నింటికి మతిమరుపు వచ్చి ట్రే ఎక్కడుందో గుర్తుండదు. ఇక కీళ్ళు! 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూస్తే 90 పిల్లులకి కీళ్ళ అరుగుదల ఉందని 2002లో అమెరికాలో తేల్చారు. మోకాళ్ళ నొప్పులున్న బామ్మని గోడ దూకి బాత్‌రూమ్‌కి వెళ్ళమంటామా? ఎత్తు గోడల ట్రే దానికి అలాంటిదే.

కనుక చెల్లాయ్, ముందు పశువుల డాక్టరుకి చూపించండి. రక్తం, మూత్రం పరీక్ష చేస్తే చాలావరకు సంగతి బయటపడుతుంది. ఇంట్లో పెద్ద ట్రే పెట్టి, ఒక వైపు అంచు బాగా తగ్గించండి. మేడ ఉంటే పైనొకటి, కిందొకటి. రోజూ శుభ్రం చెయ్యాలి. పోసిన చోట ఫినాయిల్ మాత్రం వద్దు. అందులోని ఫినాల్ జాతి మందుల్ని పిల్లి కాలేయం విరవలేదు, విషమవుతుంది. వాసన పోవడానికి ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతున్నాయి. నొప్పి కదా అని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ బిళ్ళ వేశారో, ప్రాణమే పోతుంది. కొట్టడం, మూతిని అందులో రుద్దడం అసలే వద్దు. భయంతో ఇంకా చాటుగా పోస్తుందంతే.

తమ్ముళ్ళూ, ఇదొక్కటీ గుర్తుపెట్టుకోండి. మగపిల్లి మాటిమాటికీ ముక్కుతూ చుక్క కూడా పొయ్యలేకపోతుంటే మూత్రనాళం మూసుకుపోయిందన్నమాట. రేపు చూద్దాంలే అనుకోకూడదు. ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. మ్యాట్నీ టికెట్టు చేతిలో ఉన్నా సరే, చింపేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

చెల్లాయ్, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పి ఈ పేజీ చూపించు. ఆకలిదప్పులకి గురయ్యేలా జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. పన్నెండేళ్ళు ఇంటి తిండి తిన్న పిల్లికి ఊరవతల ఎలుకని పట్టే ఓపిక కూడా ఉండదు. ఆదివారం వచ్చేలోపే డాక్టరుకి చూపించి, ఆయన ఏమన్నాడో నాకు రాయి. హీరోగారి కొత్త సినిమా కబుర్లు వారం ఆగుతాయిలే!