1.30 అంటే గంటన్నర కాదన్నా!

పోస్టు జర పెద్దగుంది. జీతం ముచ్చట గనక చివరిదాకా చదవండి.

మేము సైటు సూపర్‌వైజర్లం. పొద్దుగూకినాక ఎవరెంత ఓటీ చేసిండ్రో ఎక్సెల్‌ల కొట్టేది మేమే. గంటన్నర చేస్తే 1.30 అని కొడతాం. ఏండ్ల సంది ఇదే అలవాటు. మొన్న రాడ్ బెండింగ్ చేసే తమ్ముడొకడు తన చిన్న నోట్‌బుక్ పట్టుకొచ్చిండు. "అన్నా, 26 రోజులు, రోజుకు గంటన్నర. 39 గంటలు రావాలె. స్లిప్పుల 33.8 ఉంది" అన్నడు.

ముందు వాని మీదనే అనుమానపడ్డాం. కూర్చొని లెక్క తీస్తే తప్పు మాదే. మేము రాసింది గంటా ముప్పై నిమిషాలు. కంప్యూటర్‌కు అది ఒకటి పాయింట్ మూడు, అంటే గంటా 18 నిమిషాలు. రోజుకు 12 నిమిషాలు, నెలకు 5 గంటల 12 నిమిషాలు పోయినయ్. 20 మంది గ్యాంగు అదే ఓటీ చేస్తే 104 గంటలు.

ఇంకోటి చూడండి. నిమిషాలను అరవైతో భాగించాల్సింది వందతో భాగిస్తుంది. కాబట్టి ఈ తప్పు ఎప్పుడు జరిగినా నష్టం కూలికే. అందుకే ఆఫీసుల ఎవరి కంటా పడదు.

సరే అని చుక్క తీసేసి కోలన్ పెట్టి 1:30 అని కొట్టినం. ఇప్పుడు మొత్తం 15:00 చూపించింది! లోపల లెక్క సరిగ్గానే ఉంది, తెర మీద కనబడేదే తప్పు. గడియారం లెక్క 24 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. ఫార్మాట్‌లో గంటల అక్షరానికి చదరపు బ్రాకెట్లు పెడితేనే 39:00 కనబడుతుంది. పైగా లోపల అది రోజుల లెక్క. గంట రేటుతో గుణించేటప్పుడు 24తో కూడా గుణించాలి.

మా మాట ఒక్కటే. తెర మీది గడిని లోపలి లెక్కకు ముడిపెట్టేటప్పుడు, ఇది గంటలు-నిమిషాలు అని ప్రోగ్రాం రాసేటోళ్లే చెప్పాలి, ఎట్ల మార్చాలో కూడా వాళ్లే రాయాలి. చెప్పకపోతే మిషన్ తనకు తోచినట్టు మార్చుకుంటుంది, మనల్ని అడగదు. సైంటిస్టులకే తప్పలేదు. కొన్ని జీన్ల పేర్లను ఎక్సెల్ తారీఖులుగా మార్చేస్తుంటే, 2020లో ఆ పేర్లనే మార్చుకున్నరు.

కోలన్ పెట్టడం రాదా అని కొందరంటరు. పదో తరగతి చదివినోళ్లం, పొద్దంతా ఎండల నిలబడి వచ్చి కొడతాం. పని చేసేటోని అలవాటును బట్టి గడి ఉండాలె. గంటలకొకటి, నిమిషాలకొకటి పెడితే గొడవే లేదు. మా షీటుల ఈ నెల నుంచి అట్లనే పెట్టినం. పాత నెలల బాకీ కూడా లెక్క తీసి ఆఫీసుకు ఇచ్చినం. ఇంకా జవాబు రాలేదు, అడుగుతనే ఉన్నం.

తమ్ముళ్లూ, రోజూ గంటలు రాసుకోండి. అరగంట స్లిప్పుల పాయింట్ 5 అని ఉండాలె. పాయింట్ 3 ఉంటే వెంటనే అడగండి. సూపర్‌వైజరన్నలూ, అడిగినోని మీద కోపం చేయకండి. ఆ నోట్‌బుక్ లేకపోతే మాకూ తెలిసేది కాదు.