‘ఆయన మీకేమవుతారు?’ అని పోలీసులు అడిగితే...

పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లే రోడ్డు మనకు కొత్తేమీ కాదు. పెళ్లి బట్టలకో, ఆస్పత్రికో, అక్కడ ఉద్యోగాలు చేసే పిల్లల్ని చూడ్డానికో మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఆడవాళ్లు ఎందరో వెళ్లొస్తుంటారు. సరిహద్దు ప్రాంతం కాబట్టి తనిఖీలూ మామూలే. 2019 తర్వాత మన రాష్ట్రంలో మద్యం ధరలు పెరిగి, పక్క రాష్ట్రం సరుకు దొంగతనంగా రావడం ఎక్కువయ్యాక అవీ ముమ్మరమయ్యాయి.

కారు ఆపుతారు. డ్రైవరు కాగితాలు చూపిస్తాడు. ఒక్కోసారి పోలీసు చూపు వెనక సీటు వైపు మళ్లుతుంది. "ఎక్కడికమ్మా? ఆయన మీకేమవుతారు? ఇంట్లో తెలుసా?" తోటి ఉద్యోగితో కలిసి వెళ్తున్న అమ్మాయికి తల కొట్టేసినట్టవుతుంది. జవాబు చెప్పకపోతే నేరమా?

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫారంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాల్సింది డ్రైవరు. ప్రయాణికులకు సీటు బెల్టు, హెల్మెట్ నియమాలు వర్తిస్తాయి. పేరు, వెళ్లే ఊరు అడిగితే చెప్పేయడమే మేలు. పక్కన మైనరు బాలిక ఉంటే ఇంకో నాలుగు ప్రశ్నలడిగినా తప్పుపట్టలేం. ఆడపిల్లల అక్రమ రవాణా బయటపడేది అలాంటప్పుడే. కానీ మేజర్లయిన స్త్రీ పురుషులు కలిసి ప్రయాణించడం ఏ చట్టం ప్రకారమూ నేరం కాదు. పెళ్లి కాకుండా మేజర్లు కలిసి జీవించడమే నేరం కాదని నటి ఖుష్బూ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక కారులో పక్కన కూర్చుంటే ఏమిటట!

నందిని సాధించిన తీర్పు

తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని నిందితుల్ని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం అంటోంది. దాని విలువ మనకు తెలియజెప్పింది ఒక మహిళే. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిని 1977లో ఒక అవినీతి కేసులో కటక్ విజిలెన్స్ పోలీసు స్టేషనుకు పిలిపించి, రాసిన ప్రశ్నల జాబితా చేతికిచ్చారు. ఆమె జవాబివ్వనన్నారు. ఈ రక్షణ కోర్టు బోనులోనే కాదు, పోలీసులు ప్రశ్నించే దగ్గరే మొదలవుతుందని 1978లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. మహిళను స్టేషనుకు పిలిపించడాన్నీ తప్పుపట్టారు. అయితే ఇది ఏ ప్రశ్నకూ జవాబివ్వనక్కర్లేదనే హక్కు కాదు. దర్యాప్తులో తెలిసిన సంగతి అడిగితే నిజమే చెప్పాలి. మనల్నే నేరంలో ఇరికించే ప్రశ్నకు మాత్రం నోరు విప్పనక్కర్లేదు.

ఫోను చూపించమంటే?

2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు దారిన పోయేవాళ్లని ఆపి, 'గంజాయి' అన్న మాట కోసం వాట్సాప్ మెసేజీలు వెతకడం పెద్ద దుమారమే లేపింది. గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. అందుకని "ఏ కేసులో, ఎందుకు?" అని మర్యాదగానే అడగండి.

గుర్తుంచుకోండి

* ఆపమంటే ఆపండి. వాదన పెంచొద్దు, పోలీసును తోసేయొద్దు.
* మహిళ ఒంటిని తనిఖీ చేయాల్సింది మహిళే, అదీ మర్యాదగా.
* 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం, సాక్షిగా విచారించడానికి మహిళను స్టేషనుకు రమ్మనకూడదు. ఇంటికే రావాలి.
* పొద్దుగూకాక, తెల్లవారకముందు మహిళను అరెస్టు చేయకూడదు. ప్రత్యేక పరిస్థితి ఉంటే మహిళా అధికారి మెజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి.
* పోలీసు పేరు, సమయం, చోటు రాసుకుని ఎస్పీకి ఫిర్యాదు చేయండి. ఆపదలో 112, మహిళల హెల్ప్‌లైన్ 181.

కారులో వెళ్లే ఉద్యోగిని ఎలాగో నెట్టుకొస్తుంది. సంచీ ఒళ్లో పెట్టుకుని ఆర్టీసీ బస్సులో వచ్చే కూలీ అక్కకే బెదిరింపులెక్కువ. ఈ నాలుగు మాటలు ఆమె చెవిన కూడా వేయండి.