అన్ని కాళ్లకు నొక్కటే జోడా?

రైఫిలునకు వెల కట్టుదురు. తూటాకు వెల కట్టుదురు. ఆ రైఫిలును పేల్చు సైనికుని చెవికి వెల కట్టువా రెవరు? రైఫిలు మూతికడ పుట్టు మ్రోత 160 డెసిబెల్సునకు తక్కువ గాదు. 140 దాటిన మ్రోత యొక్క దెబ్బతోనే వినికిడిని చెఱుపగలదు. సామ్రాజ్యములకు మరతుపాకులు సమకూర్చిన హైరం మ్యాగ్జిం, వాని మ్రోతకే చెవుడు తెచ్చుకొనెను. ఆయన కుమారుడు హైరం పెర్సీ మ్యాగ్జిం 1909లో సైలెన్సరునకు పేటెంటు పొందెను. తండ్రి చేసిన గాయమునకు తనయుడు కట్టు కట్టెను!

పేరు సైలెన్సరే గాని యది తుపాకిని మూగదానిని చేయజాలదు. ఇరువది మొదలు ముప్పదియైదు డెసిబెల్సు వఱకు తగ్గించును. ధ్వనిని మించిన వేగముతో బోవు గుండు గాలిని చీల్చు చప్పుడు మిగిలియే యుండును. అయినను చెవిని కాచుటకు, పక్కవాని పిలుపు వినబడుటకు నంతమాత్రము చాలును.

ఇప్పుడు వర్తకులు "ఒక్క సైలెన్సరు కొనుడు, అన్ని రైఫిళ్లకును తగిలింపుడు" అని చాటుచున్నారు. ఈ చాటింపును మనము జాగ్రత్తతో వినవలెను. ఏలయన మన సేనయందు మూడు తెగల రైఫిళ్లు కలవు. స్వదేశమున రూపొందిన ఇన్సాసు 5.56 మిల్లీమీటర్లది. 2019లో 72,400, 2024లో మఱి 73,000 అమెరికా కంపెనీనుండి కొన నొడంబడిన సిగ్ 716, 7.62×51 తూటాను పేల్చును. 2021 డిసెంబరున రష్యాతో కుదిరిన యొడంబడికచే అమేఠీ జిల్లా కోర్వాయందు 6 లక్షలకు పైగా తయారు కావలసిన ఏకే 203, 7.62×39 తూటాను పేల్చును.

వర్తకుల మాట పూర్తిగా నబద్ధము కాదు. కనుకనే యది ప్రమాదకరము. పెద్ద గుండునకు సరిపడు రంధ్రముగల సైలెన్సరునుండి చిన్న గుండు నిరపాయముగ వెలువడును. మ్రోత కొంచె మెక్కువగ వినబడును, అంతియే. తలక్రిందులు చేసినచో చేటు మూడును. 5.56కై చేసినదానిని 7.62 రైఫిలునకు తగిలించిన, గుండు లోపలి పలకలను తాకి సైలెన్సరునే బ్రద్దలు చేయును. 7.62 అను పేరునైనను గ్రుడ్డిగా నమ్మరాదు. సిగ్ గుండు వ్యాసము 7.82, ఏకే గుండు వ్యాసము సుమారు 7.9 మిల్లీమీటర్లు. కావున రంధ్రమును మిక్కిలి పెద్ద గుండును బట్టి యెంచవలెను.

రంధ్రము చాలినంతమాత్రమున బలము చాలదు. చిన్నదైన 5.56 తూటా, ఏకే తూటాకంటె నెక్కువ వాయుపీడనమును పుట్టించును. గొట్టము పొట్టిదైనకొలది మూతికడ నా పీడనము హెచ్చును. కనుక బలమును మిక్కిలి కఠినమైన తూటాను, మిక్కిలి పొట్టి గొట్టమును బట్టి యెంచవలెను. రైఫిళ్ల మూతులమీది మరచుట్లును వేర్వేఱు. తగిలింపు రవ్వంత వంకరయైనను గుండు గుఱి తప్పును. మఱియు సైలెన్సరుచే కొంత వాయువు వెనుకకు మరలి సైనికుని కన్నులలోనికి, ముక్కులోనికి వచ్చును. రైఫిలు వలసినదానికంటె వేగముగ నాడి త్వరగా నరుగును. వర్తకుడు డబ్బు మిగులునని చెప్పును గాని యీ నష్టమును చెప్పునా?

2022లో అమెరికా సైన్యము తన క్రొత్త 6.8 మిల్లీమీటర్ల రైఫిలును, సైలెన్సరును ఒక్క యొడంబడికయందే యెంచుకొనెను. జంటగా పనిచేయవలసిన వానిని జంటగానే పరీక్షించుట వివేకము. మనము రైఫిలు నొక దేశమునుండి, తూటా నొక దేశమునుండి తెచ్చి, తుదకు సైలెన్సరును మఱియొకని మాట నమ్మి కొందుమా?

మేము కోరునది స్వల్పము. ఏ సైలెన్సరైనను ముందు మన మూడు రైఫిళ్లపైనను, మన తూటాలతోడను, ఎడారి యిసుకలోను హిమాలయపు మంచులోను పరీక్షింపబడవలెను. మ్రోతను తుపాకి మూతికడనే గాక సైనికుని చెవికడను కొలువవలెను. ఒక్కటి మూడింటికిని తగినచో సంతోషమే; తగనిచో మూడు చేయుదము, మన కర్మాగారములలోనే చేయుదము. కాలికి తగిన జోడు కుట్టవలెను గాని, జోడునకు తగినట్లు కాలిని కోయరాదు.