వీపు మనది, బంతులు పిల్లలవి

నడుం నొప్పి అంటే ఏమిటో తెలియని గృహిణి ఎవరైనా ఉంటే ఒక్కసారి చెయ్యెత్తండి. చూశారా, ఒక్కరూ ఎత్తలేదు! కొందరికి చెయ్యెత్తితేనే నొప్పి, అది వేరే సంగతి.

పొద్దున లేచింది మొదలు వంగి ఇల్లు ఊడవడం, సింకు ముందు అరగంట నిలబడి గిన్నెలు తోమడం, నీళ్ళ బకెట్లు మొయ్యడం, తడి దుప్పట్లు పిండి ఆరెయ్యడం... ఇంత చాకిరీ చేసే వీపుకి మనమిచ్చే జీతమల్లా రాత్రి పడుకోబోయే ముందు చిటికెడు అమృతాంజనం. అదైనా చెయ్యి అందినంత మేరకే! సరిగ్గా ఎక్కడ పట్టేసిందో ఆ చోటు మాత్రం పైనుంచీ అందదు, కిందినుంచీ అందదు. అలా ఎందుకు పెట్టాడో ఆ బ్రహ్మదేవుణ్ణే అడగాలి.

మా అమ్మకి ఈ బాధ లేదు. నా చిన్నతనంలో, 1980లలో, తెనాలిలో మా ఇంట్లో మిక్సీ లేదు, గ్రైండరు లేదు. ఇడ్లీకి పప్పు రుబ్బురోట్లోనే రుబ్బాలి. మధ్యాహ్నం పనంతా తెమిలాక అమ్మ చాప పరుచుకుని బోర్లా పడుకుని, "ఒసే చిన్నీ, ఇలా వచ్చి కాస్త నడుం తొక్కవే" అని పిలిచేది. నేను గోడ పట్టుకుని ఆవిడ వీపు మీదికెక్కేదాన్ని. "పైకి... ఇంకాస్త పైకి... ఆఁ, అక్కడే! మడమతో తొక్కు" అనేది. దిగాక నాకో బెల్లం ముక్క. ఆ పది నిమిషాలే రోజు మొత్తం మీద అమ్మ తన కోసం అడిగి తీసుకున్న సుఖం అని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఇప్పుడు నాకు నలభై ఏడు. మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు, బరువు డెబ్బై అయిదు కిలోలు. వాణ్ణి తొక్కమంటే నేను మళ్ళీ చాప మీంచి లేవను! మావారిని అడిగితే పాపం కాదనరు. కానీ ఒక చెయ్యి నా వీపు మీద, ఇంకో చెయ్యి సెల్‌ఫోను మీద. రెండు నిమిషాలయ్యేసరికి వీపు మీది చెయ్యి ఆగిపోతుంది, ఫోను మీది వేలు మాత్రం ఆగదు.

ఒకసారి ఎగ్జిబిషన్లో చెక్క రోలరు కొన్నాను. బొడిపెలున్న నాలుగు చక్రాలు, వాటికో పిడి. అమ్మే అబ్బాయి నా భుజం మీద రెండుసార్లు దొర్లిస్తే ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంటికొచ్చాక గానీ తెలియలేదు, దాన్ని నా వీపు మీద దొర్లించడానికి ఇంకో మనిషి కావాలని! చేతికందని చోటికి చేత్తో పట్టుకునే వస్తువు కొనుక్కున్న తెలివి నాది. అది ఇప్పుడు మావారి పాదాల కింద దొర్లుతోంది.

2022లో నొప్పి బాగా ముదిరితే డాక్టరుగారు పరీక్ష చేసి, "ఎముకల్లో ఏమీ లేదు, కండరాలు బిగుసుకుపోయాయి" అని ఫిజియోథెరపీకి పంపారు. అక్కడి అమ్మాయి వ్యాయామాలు నేర్పి, చివర్లో, "ఆంటీ, మీ ఇంట్లో పాత టెన్నిస్ బంతులున్నాయా?" అంది. అటక మీద వెతికితే మా వాడు గల్లీ క్రికెట్ ఆడిన రోజులవి రెండు దొరికాయి. ఆ రెండు బంతులే నాకు అమ్మ వీపు మీద తొక్కిన నా చిన్నప్పటి కాళ్ళయ్యాయి. ఎలాగో చెబుతాను, వంట చెప్పినట్టే రాసుకోండి.

కావలసినవి: టెన్నిస్ బంతులు రెండు, పిల్లల పాత స్కూలు మేజోడు ఒకటి, నున్నటి గోడ లేక గట్టి తలుపు. వీధిలో దొరికే రబ్బరు బంతులైనా ఫరవాలేదు గానీ గట్టి క్రికెట్ బంతి మాత్రం వద్దు.

తయారు చేసే విధానం: బంతులు రెండూ మేజోడులో వేసి, ఒకదానికొకటి ఆనుకునేలా లాగి మూతి ముడి వెయ్యండి. రెండు గుండ్రాల మధ్య చిన్న పల్లం ఏర్పడుతుంది చూశారా, కిటుకంతా అందులోనే ఉంది. వెన్నెముక ఆ పల్లంలోకి వస్తుంది. బంతులు దానికి రెండు పక్కలా నిలువుగా ఉండే కండరాల మీద మాత్రమే ఆనతాయి. ఎముక మీద ఎప్పుడూ ఒత్తిడి పడకూడదు.

వాడే విధానం: జడ ముందుకు వేసుకోండి. వెనక హుక్సు ఉన్న జాకెట్టయితే నైటీలోకి మారండి, లేకపోతే హుక్సు గుచ్చుకుంటాయి. సున్నం వేసిన గోడకి ఆనుకుంటే వీపంతా తెల్లబడుతుంది, అదీ నా అనుభవమే! చెప్పులూ పట్టాలూ లేకుండా పొడినేల మీద, గోడకి అడుగు దూరంలో పాదాలు పెట్టి నిలబడండి. బంతుల్ని భుజం రెక్కల మధ్య పెట్టుకుని వెనక్కి ఆనుకోండి. మోకాళ్ళు నెమ్మదిగా వంచితే వీపు కిందికి జారుతుంది, బంతులు పైకి దొర్లుతాయి. మళ్ళీ లేస్తే బంతులు కిందికి. అంతే!

బాగా సలిపే చోటు తగలగానే ఆగండి. ఇరవై ముప్పై సెకన్లు అలాగే ఆనుకుని నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. ఊపిరి బిగబడితే కండరం కూడా బిగుస్తుంది. తియ్యటి నొప్పి ఉండాలి గానీ పళ్ళు కొరుక్కునే నొప్పి ఉండకూడదు. ఎక్కువనిపిస్తే పాదాలు గోడ దగ్గరికి జరుపుకోండి, ఒత్తిడి తగ్గుతుంది. సన్నగా ఉన్నవాళ్ళు మధ్యలో మడిచిన తువ్వాలు పెట్టుకోండి. మొత్తం అయిదు నిమిషాలు చాలు. చివరి పక్కటెముకల కింద నడుముకి అటూ ఇటూ మెత్తగా ఉండే చోట గట్టిగా నొక్కొద్దు. నడుం కింద పట్టేస్తే పిరుదు పైభాగంలో ఒక్క బంతి పెట్టి దొర్లించి చూడండి, చాలాసార్లు బిగువు అక్కడే ఉంటుంది. నేల మీద పడుకుని చేస్తే మన బరువంతా బంతుల మీద పడుతుంది కాబట్టి కొత్తవాళ్ళకి గోడే మంచిది.

దీంతో జబ్బు నయమైపోతుందని నేను చెప్పను. బంతి కండరంలో ఏ ముడినీ విప్పెయ్యదు. ఒత్తిడికి ఆ చోటు కాస్త సడలి, నొప్పి కొంతసేపు మరుపున పడుతుంది. ఆ కాస్త వెసులుబాటులో నడక, వ్యాయామం చేసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో, తగ్గకుండా ఉండిపోయే నడుం నొప్పికి ఏం చెయ్యాలో సూచనలు ఇచ్చిందని మా అమ్మాయి చదివి చెప్పింది. వ్యాయామం, మర్దన లాంటివి అందులో ఉన్నాయిట. అందరూ కొనుక్కునే నడుం బెల్టులు మాత్రం మామూలుగా వాడొద్దన్నారట. 2020లో లోకం మొత్తం మీద 61 కోట్ల 90 లక్షల మందికి నడుం నొప్పి ఉందనీ, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువనీ కూడా ఆ సంస్థే చెప్పింది. మనం ఒంటరివాళ్ళం కాదన్నమాట!

ఇంతవరకూ గొప్పలు చెప్పుకున్నాను. ఇప్పుడు నా పొరపాటు కూడా చెప్పాలి.

బంతులు పనిచేసేసరికి నేను మా వీధికి డాక్టరునైపోయాను. ఆ ఊపులో ఉండగా మా అత్తయ్యగారు నీళ్ళ బకెట్టు ఎత్తబోయి "అమ్మా" అంటూ కూలబడ్డారు. ఆవిడకి డెబ్బై నాలుగు. నడి వీపులో నొప్పి. "పట్టేసి ఉంటుంది అత్తయ్యా" అని గోడ దగ్గర నిలబెట్టి బంతులు పెట్టాను. "నొప్పిగా ఉందమ్మాయ్" అన్నారు. "మొదట్లో అలాగే ఉంటుంది" అన్నాను. మర్నాడూ పెట్టాను. అప్పుడు ఆవిడ ఏమీ అనలేదు. నాలుగో రోజు మంచం మీంచి లేవలేకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రేలో చూస్తే వెన్నుపూస ఒకటి ముందువైపు నలిగి అణిగిపోయి ఉంది. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళకి ఎముకల్లో సత్తువ త్వరగా తగ్గిపోతుందట. అలా గుల్లబారిన ఎముక చిన్న బరువెత్తినా, గట్టిగా దగ్గినా నలిగిపోవచ్చట. "బంతుల వల్ల విరగలేదమ్మా, బకెట్టు ఎత్తినప్పుడే జరిగి ఉంటుంది. కానీ అలాంటి చోట నొక్కకూడదు, మొదటిరోజే తీసుకురావాల్సింది" అన్నారు డాక్టరుగారు.

ఆ రాత్రి అత్తయ్య పక్కన కూర్చుని, "రెండోరోజు నొప్పి అని నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను. "నువ్వంత శ్రద్ధగా చేస్తుంటే కాదనలేక ఊరుకున్నానమ్మాయ్" అన్నారు. నాకు నోట మాట రాలేదు. నొప్పిని ఓర్చుకోవడం మనకంత అలవాటు. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని మన నొప్పి దాచుకుంటాం. ఆవిడ చెప్పకపోవడం ఒక తప్పయితే, మొదటిరోజు చెప్పినప్పుడు నేను వినకపోవడం అంతకంటే పెద్ద తప్పు. మూడు నెలలకి ఆవిడ మళ్ళీ తిరగగలిగారు, ఎముకల మందులు ఇప్పటికీ వాడుతున్నారు.

అందుకే ఈ నాలుగు మాటలూ వంటింటి తలుపుకి అంటించుకోండి. పడిపోయాకో, బరువెత్తాకో ఒక్కసారిగా వచ్చిన నొప్పికి బంతులు వద్దు. నెలసరి ఆగినవాళ్ళు, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మందులు వాడినవాళ్ళు, గర్భిణులు, కాన్సరు వచ్చి తగ్గినవాళ్ళు డాక్టర్ని అడగనిదే మొదలుపెట్టొద్దు. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గుతున్నా, మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరంతో వచ్చే నొప్పి, రాత్రుళ్ళు పడుకున్నా తగ్గని నొప్పి, ఊరికే బరువు తగ్గిపోవడం కూడా అశ్రద్ధ చెయ్యకూడనివే. పై వీపు నొప్పితో పాటు ఆయాసం, చెమటలు, వికారం, దవడ లాగడం ఉంటే గ్యాసు అనుకుని వాము నములుతూ కూర్చోవద్దు. ఆడవాళ్ళకి గుండెపోటు ఇలా కూడా వస్తుంది. వెంటనే 108కి ఫోను చెయ్యండి.

ఇంకో మాట. పిల్లల చేత వీపు తొక్కించుకునే అలవాటు ఇంకా ఎవరికైనా ఉంటే మానెయ్యండి. పిల్ల కాలు జారి పూస మీద పడితే కష్టం. సింకు దగ్గర నిలబడేటప్పుడు కింద చిన్న పీట వేసి, ఒక పాదం మార్చి ఒక పాదం దాని మీద పెట్టుకోండి, నడుముకి హాయిగా ఉంటుంది. పొడుగు కర్ర చీపురు కొనుక్కోండి. బకెట్టు నిండా కాకుండా సగం నింపి రెండుసార్లు మొయ్యండి.

మొన్న రాత్రి నేను గోడకి ఆనుకుని బంతులు దొర్లించుకుంటుంటే మావారు సెల్‌ఫోను పక్కన పెట్టి, "ఎక్కడ నొప్పి?" అని అడిగారు. ఎప్పట్లాగే "ఏం లేదులెండి" అనబోయి ఆగాను. "ఇక్కడ, ఎడమ రెక్క కింద" అని చూపించాను. అయిదు నిమిషాలు, రెండు చేతులతో నొక్కారు!

మీరూ ఈ రాత్రి పని తెమిలాక అయిదు నిమిషాలు మీ వీపుకి ఇవ్వండి. నొప్పి ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. మీ ఇంట్లో నడుం నొప్పికి ఏం చేస్తారో నాకు ఉత్తరం రాయండి. వచ్చేవారం ఆవకాయ జాడీల కబుర్లతో కలుద్దాం. ఆ జాడీలు మాత్రం ఒక్కరే ఎత్తకండేం!