వచ్చినకాడికి పుచ్చుకోవడం రాజీ కాదు

భిలాయి సెక్టర్ 6లో, ఆ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో బాగా చెలామణీ అయ్యే సలహా ఒకటుంది. అక్కడి ఉక్కు ప్లాంటులో ఎవరైనా పోయినా, చెయ్యో కాలో పోగొట్టుకున్నా, పరామర్శకొచ్చిన పెద్దలు చివర్లో గొంతు తగ్గించి చెబుతారు: "పోయినోడు ఎలాగూ రాడు చెల్లెమ్మా. ఠేకేదారు మనసు మారకముందే వచ్చినకాడికి పుచ్చుకో. కోర్టుకెళ్తే నీ పిల్లల పెళ్ళిళ్ళయ్యాక వస్తుంది తీర్పు." చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. మార్చురీ దగ్గర రాత్రంతా నిలబడింది వాళ్ళే, శ్రీకాకుళంలో ఉన్న ముసలి తల్లికి ఫోన్ చేసిందీ వాళ్ళే. అందుకే వాళ్ళ మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. ఎదురు చెప్పాల్సింది మాత్రం అక్కడే.

అలా పుచ్చుకునేటప్పుడు రాయించుకునే రాజీ కాగితం ఎలా ఉంటుందో చూడండి. స్టాంపు పేపరు మీద హిందీలో టైపు చేసి ఉంటుంది. మృతుడి పేరు, తండ్రి పేరు, ఊరు. తర్వాత ఒక మొత్తం, అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. ఇకమీదట కంపెనీ మీద గానీ ఠేకేదారు (కాంట్రాక్టరు) మీద గానీ ఏ దావా వెయ్యనని ఒక వాక్యం. కింద వేలిముద్రకి ఖాళీ. అతని జీతమెంతో అందులో ఉండదు. వయసు రాసినా దానికీ ఆ మొత్తానికీ సంబంధం ఉండదు. ఐదు లక్షలే ఎందుకు, ఏడు ఎందుకు కాదు అని అడిగితే ఠేకేదారు గుమాస్తా మున్షీ దగ్గరా జవాబుండదు.

జవాబు చట్టంలో ఉంది, 1923 నుంచీ ఉంది. అప్పటి కార్మిక పరిహార చట్టాన్ని 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో కలిపేశారు గానీ లెక్క కట్టే పద్ధతి మారలేదు. పనిలో చనిపోతే నెల జీతంలో సగాన్ని, అతని వయసుకి పట్టికలో ఉన్న గుణకంతో హెచ్చించాలి. 35 ఏళ్ళకి ఆ గుణకం 197.06. జీతాన్ని లెక్కలోకి తీసుకునే పరిమితి 2020 జనవరి నుంచి 15,000. అంటే నెలకి 22,000 తెచ్చుకునే 35 ఏళ్ళ ఫిట్టర్ పోతే 7,500ని 197.06తో హెచ్చించాలి: 14,77,950 రూపాయలు. ఇది బేరానికి మొదటి మెట్టు కాదు, చట్టం ఇమ్మన్న మొత్తం. నెలలోపు కట్టకపోతే ఏటా 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఎగ్గొడితే అసలు మీద 50 శాతం దాకా జరిమానా. ఠేకేదారు చేతులెత్తేస్తే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలి.

పెద్దలకి తెలియని సంగతి ఇంకొకటుంది. చావు కేసులో పరిహారాన్ని చట్టం నియమించిన అధికారి దగ్గర జమ చెయ్యాలి. మూడు నెలల జీతానికి మించని అడ్వాన్సు తప్ప, యజమాని నేరుగా చేతికిచ్చింది పరిహారం కిందికే రాదు. గాయపడినవాడితో కుదిరిన ఒప్పందమైనా ఆ అధికారి ముందు నమోదు కావాలి, మొత్తం తక్కువగా ఉంటే ఆయన తిరగ్గొట్టవచ్చు. హక్కుని వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చినా అది చెల్లదు. మరి ఇంటి అరుగు మీద నలుగురి మధ్య వేయించుకున్న ఆ వేలిముద్ర విలువెంత?

జీతం 21,000 లోపుండి ఈఎస్ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) కిందికి వచ్చేవాళ్ళకి దారి వేరు. వాళ్ళ కుటుంబాలు కార్మిక పరిహారం అడగలేవు. బదులుగా జీతంలో సుమారు 90 శాతం, ఆధారపడినవాళ్ళ మధ్య పంచి, నెలనెలా వస్తుంది. స్టాంపు పేపరు చూసి ఆ పింఛను దరఖాస్తే పెట్టకుండా ఊరుకున్న ఇల్లు ఎంత పోగొట్టుకున్నట్టో ఊహించుకోండి.

ఇక ఇదే ఫిట్టర్ డ్యూటీ లేని రోజున గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు మీద లారీ కింద పడ్డాడనుకుందాం. అప్పుడు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్. సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో లెక్కని స్థిరపరిచింది. పర్మనెంటు కాని ఉద్యోగి, నలభై లోపు వయసు కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయానికి 40 శాతం కలిపితే 30,800. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడ్డారు కాబట్టి సొంత ఖర్చుకి నాలుగోవంతు తీసేస్తే 23,100. ఏడాదికి 2,77,200. ఆ వయసుకి గుణకం 16. మొత్తం 44,35,200, ఆపైన అంత్యక్రియలకీ తోడు పోయినందుకూ చిన్న మొత్తాలు. అదే మనిషి, అదే జీతం, అవే నోళ్ళు. గేటు లోపల పోతే పద్నాలుగు లక్షల చిల్లర, గేటు బయట పోతే నలభై నాలుగు లక్షలు. ఇందులో న్యాయం ఏముందని మీరడిగితే నాకూ కనబడదు. ఆ 15,000 పరిమితిని ఎత్తెయ్యమని గేటు ముందు ధర్నా చెయ్యాల్సిన సంఘాలు, వచ్చిన చెక్కుతో ఫొటోలు దిగుతున్నాయి.

ప్రమాదం పెద్దదైతే కథ వేరు. 2014 జూన్‌లో భిలాయి ప్లాంటు పంప్‌హౌస్‌లో విషవాయువుకి ఆరుగురు పోయినప్పుడు, 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపు పేలి పదిమందికి పైగా కాలిపోయినప్పుడు దేశమంతా ఇటు చూసింది. 2018లో ప్లాంటు సీఈఓ పదవే పోయింది. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై పన్నెండుమంది చనిపోతే రాష్ట్ర ప్రభుత్వం ఆ రోజే కుటుంబానికి కోటి ప్రకటించింది. మంచిదే. కానీ పరంజా మీంచి ఒక్కడే జారిపడిన రోజున కెమెరాలు రావు, మంత్రి రాడు. ఆ ఒక్కడి ఇంటికి లెక్క మరీ అవసరం, సలహా మాత్రం "వచ్చినకాడికి".

రాజీలన్నీ చెడ్డవని నేననడం లేదు. కానీ భోపాల్ సంగతి చూడండి. 1989 ఫిబ్రవరిలో ఆ గ్యాస్ కేసుని 47 కోట్ల డాలర్లకి రాజీ చేశారు. ప్రభుత్వం మొదట అడిగింది 330 కోట్ల డాలర్లు. తర్వాత అది చాలదని ప్రభుత్వమే మళ్ళీ కోర్టుకెక్కితే, 2023 మార్చిలో సుప్రీంకోర్టు కుదరదంది. భోపాల్ రాజీ కుదిరిన తర్వాతి నెలే, 1989 మార్చి 3న, జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ వ్యవస్థాపక దినోత్సవంలో మంటలు లేచి అరవైమంది పోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలే. అక్కడ వారసులు లెక్క అడిగారు. లతా వాధ్వా కేసుగా 2001లో తీర్పొచ్చింది. జీతం లేని గృహిణి చాకిరీకి నెలకి 3,000 చొప్పున కోర్టు విలువ కట్టింది. తక్కువే, కానీ ఆ తర్వాత దేశంలో ఎన్నో కేసులకి ఆ తీర్పు ఆధారమైంది. అక్కడా వచ్చినకాడికి పుచ్చుకుని ఉంటే ఆ తీర్పే ఉండేది కాదు.

గాయపడి బతికినవాడి సంగతి ఇంకా అన్యాయం. చట్టంలోని గాయాల పట్టికలో బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టం, చూపుడువేలు పోతే 14 శాతం. ఆ శాతం చూపించి సంతకం పెట్టించుకుంటారు. అయితే ఒరిస్సాలో ఒక వడ్రంగి సినిమా హాల్లో నగిషీ పని చేస్తూ పడిపోయాడు. ఎడమ చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. ఒంటి చేత్తో వడ్రంగం చెయ్యలేడు కాబట్టి నష్టం నూటికి నూరని 1975లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అతని పేరుతోనే, శ్రీనివాస్ సబత కేసని, ఈనాటికీ ఉదహరిస్తారు. శాశ్వత అశక్తతకి చట్టం కట్టే లెక్క చావు లెక్క కంటే ఎక్కువ కాబట్టి, 35 ఏళ్ళవాడికి 30 శాతమంటే 5,32,062, నూరు శాతమంటే 17,73,540. ఏ వేలు పోయిందని కాదు, ఆ వేలుతో అతను ఏ పని చేసేవాడని అడగాలి. ఆసుపత్రి కాగితంలో "కింద పడ్డాడు" అని మాత్రమే రాస్తే సరిపోదు. ఎక్కడ, ఏ పనిలో పడ్డాడో మొదటి రోజే రాయించుకోవాలి. గేట్ పాస్ ఠేకేదారుకి తిరిగిచ్చెయ్యకూడదు, ముందు ఫొటో తీసుకోవాలి.

కోర్టులు ఆలస్యం చేస్తాయన్నది నిజమే, కాదనను. ఈ విషయంలో పెద్దలకి నాకంటే ఎక్కువ అనుభవం. అయితే ఆలస్యానికి వడ్డీ ఉంది, తక్కువకి ఒప్పుకున్నదానికి వడ్డీ లేదు. చట్టం లెక్క తెలిసి, రెండేళ్ళు ఆగలేక, పది శాతం వదులుకునేవాడు తన ఇష్టంతో రాజీ పడ్డట్టు. లెక్క తెలియకుండా సగం వదులుకున్నవాడిని ఏమనాలి? లోక్ అదాలత్‌లో కుదుర్చుకున్నా అంతే. త్వరగా తేలుతుంది, కానీ దాని మీద అప్పీలు లేదు.

ఉద్యోగమొస్తుంది కదా, మళ్ళీ పరిహారమెందుకు అనేవాళ్ళూ ఉన్నారు. కారుణ్య నియామకం పర్మనెంటు ఉద్యోగుల ఇళ్ళకి. ఠేకా కార్మికుడి భార్యకి అది హక్కుగా రాదు. వచ్చినా, మోటారు ప్రమాదాల కేసుల్లో ఆ జీతాన్ని పరిహారంలోంచి మినహాయించకూడదని 2013లో విమల్ కన్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

లాయరు సగం తినేస్తాడన్న భయం మిగిలింది. వచ్చినదాంట్లో ఇంత శాతమని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారమే తప్పు. అసలు ఫీజే లేకుండా లాయర్ని ఇమ్మని దుర్గ్‌లోని జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థకి దరఖాస్తు పెట్టవచ్చు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకీ, వికలాంగులకీ, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకీ ఆ సాయానికి ఆదాయ పరిమితి లేదు. స్టాంపు పేపరు చదివి అర్థం చెప్పమని అడగడానికైనా అక్కడికి వెళ్ళవచ్చు, వేలిముద్ర వెయ్యకముందే.